యాభై ముసుగులో ముప్ఫై అయిదు

భయంతో వణుకుతూ పెట్టే దండాన్ని దేవుడు భక్తి కింద రాసుకుంటాడా, లేక భయం కిందే కొట్టేస్తాడా? ఈ అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. పెద్దల్ని అడిగితే నవ్వి ఊరుకున్నారు. ధైర్యంగా ఉన్నప్పుడు నాకు దేవుడు గుర్తొచ్చింది తక్కువే. అందుకే బావగారి కథ విన్నప్పటి నుంచి ఆ అనుమానం మరీ ముదిరింది. ఆయన ఆ ఒక్క పగలు పెట్టినన్ని దండాలు నేను ఏడాదంతా పెట్టి ఉండను. వాటిలో ఒక్కటీ ధైర్యంగా పెట్టింది కాదు.

రహస్య శాఖలో అసలు పేర్లు వాడరు. ఆయన చేరిన కొన్నాళ్లకి ఆయన భార్య తమ్ముడు అదే శాఖలో చేరి, మొదటి రోజే వరండాలో "బావగారూ!" అని కేకేశాడు. అంతే. ఆ రోజు నుంచి పై అధికారి మొదలు వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన బావగారే. ఇంట్లోవాళ్ల లెక్క ప్రకారం ఆయన గోదాములు తనిఖీ చేసే ఉద్యోగి. బామ్మర్ది ఏదో ఓడల కంపెనీలో దూరాన ఉన్నాడు.

శాఖ ఆఫీసు ఒక లాండ్రీ మీది అంతస్తులో ఉంది. కింద నుంచి ఆవిరి, సబ్బు వాసన వస్తుంటాయి. ఆ ఉదయం పై అధికారి పెద్దాయన కబురు పెట్టాడు.

"కూర్చో బావగారూ."

"నిలబడతానండీ." పెద్దాయన పొద్దున్నే కూర్చోమన్నాడంటే వార్త మంచిది కాదు.

పెద్దాయన బల్ల మీద ఒక పాత ఫోటో పెట్టాడు. రైల్వే ప్లాట్‌ఫారం. జనం. కుడి అంచున ఎవరిదో ఒక చెవి, కాస్త జుట్టు. చెవి పైఅంచులో చిన్న నొక్కు, ఎలుక కొరికిన బిస్కెట్‌లా.

"మేష్టారు. విదేశీ ముఠాకి పెద్ద. ఇన్నేళ్లలో మన దగ్గరున్న ఆయన ఫోటో ఇదొక్కటే. చెవి దాకా వచ్చాం."

"ఇప్పుడెక్కడ?"

"ఈ ఊళ్లోనే. సముద్రం ఒడ్డు హోటల్. మధ్యాహ్నం డాబా మీద టీ. సాయంత్రం ఓడ."

"హోటల్లోనే పట్టుకుంటే?"

"గుమ్మాల దగ్గరంతా ఆయన మనుషులే. కాల్పులు మొదలైతే ముందు పోయేది వెయిటర్లు." పెద్దాయన కళ్లజోడు తీశాడు. "డాబా మీద ముగ్గురు వెయిటర్లు పనిచేస్తారు. వాళ్లలో ఒకడు మనవాడని మేష్టారు పసిగట్టాడు. ఎవడో తెలీదు. ఓడ రేవు దాటగానే వైర్‌లెస్‌లో ఒక్క మాట పంపుతాడు. ముగ్గుర్నీ లేపేస్తారు. వాళ్లని ముందే తప్పిద్దామంటే గేటు దాటనివ్వడం లేదు."

"ఆ ముగ్గురిలో మనవాడు..."

"అవును. మీ బామ్మర్దే."

కింద లాండ్రీలో ఎవరో ఇస్త్రీపెట్టె దబ్బున పెట్టారు. బావగారు ఉలిక్కిపడి, కూర్చోనన్న కుర్చీలోనే కూలబడ్డాడు.

"రేవు అధికారి నోటి మాట మీద విదేశీ ప్రయాణికుణ్ణి ఆపడు," అన్నాడు పెద్దాయన. "ఈ చెవీ, దాని పక్కన ముఖమూ ఒకే ఫోటోలో చూపిస్తే ఆపుతాడు. అదీ ఓడ మెట్లు ఎత్తేలోపు."

మూలన కూర్చున్న శాఖ పరికరాల మనిషి గొంతు సవరించుకున్నాడు. తుపాకీ నుంచి టైపు మిషన్ దాకా అన్నీ బాగుచేస్తాడు కాబట్టి అతన్ని డాక్టరంటారు.

"లైటర్ కెమెరా ఇవ్వు డాక్టరూ," అన్నాడు బావగారు ఆశగా. "టై పిన్నులో ఉంటుందే, అదైనా సరే."

"వాటిని చూస్తే మేష్టారు మురిసిపోతాడు. సగం ఆయన కనిపెట్టినవే. ఆయనకి ఒకటే బలహీనత, పాత కెమెరాలు, పాత లెన్సులు. అందుకే పాత రేంజ్‌ఫైండర్ కెమెరాతో ఫోటోలు తీసే మనిషి ఉన్నాడని నెమలి ఆయన చెవిలో వేసింది. తీసుకురమ్మన్నాడు. మీరు ఆమెను ఫోటో తీస్తారు. పత్రిక ముఖచిత్రానికి."

నెమలి ముఠాలో ఉంటూ మన శాఖకి కబుర్లు చేరవేసే అందగత్తె. గోడ మీద పిల్లి.

"ఆవిడ అసలు ఎవరి మనిషండీ?"

"మంగళవారాలు మనది," అన్నాడు పెద్దాయన. "మిగతా రోజులు తెలీదు."

"ఈ రోజు బుధవారం కదండీ!"

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు.

డాక్టరు కాగితం మీద రెండు గీతలు గీశాడు. "వినండి. యాభై నంబరు లెన్స్ చూపు సుమారు మన కంటిచూపంత. నంబరు తగ్గేకొద్దీ చూపు వెడల్పవుతుంది. మేష్టారు ముందు లెన్స్ మీద నంబరు చదువుతాడు. అది ఎంత మేర చూస్తుందో కళ్లతో కొలుస్తాడు. ఆ మేరకి బయట కుర్చీ వేసుకుంటాడు. ఇన్నేళ్లూ అలాగే తప్పించుకున్నాడు."

"అంటే?"

"పైకి యాభైలా కనిపిస్తూ, లోపల వెడల్పుగా చూసే లెన్స్ కావాలి. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. కిటికీలో యాభై నంబరు హద్దు గీతలే కనిపిస్తాయి. ఫిల్ము మీద మాత్రం లెన్స్ చూసిందంతా పడుతుంది. లెన్స్ మీరే ఎంచాలి. నన్ను పాత కెమెరాల బజార్లో వాళ్ల మనుషులు గుర్తుపడతారు. కెమెరా కూడా శాఖది వద్దు. వాటి నంబర్లు వాళ్ల దగ్గరున్నాయి."

"మా ఇంట్లో ఒకటుంది," అన్నాడు బావగారు. "మా బామ్మర్దిది."

*

భార్య బీరువా తెరిచి పాత తువ్వాల్లో చుట్టిన కెమెరా తీసింది.

"ఇన్నాళ్లకి దీని మీద ప్రేమ పుట్టుకొచ్చిందేం?"

"శుభ్రం చేయిద్దామని."

"పనిలో పని మూత కూడా కొనండి. విహారానికెళ్లి పడవలోంచి ఏట్లో పడేసింది మీరేగా. ఏడేళ్లయింది. వాడు రాసే ప్రతి ఉత్తరంలోనూ అక్కా క్షేమమా, బావ నా లెన్స్ మూత కొన్నాడా అనే." ఆమె నవ్వి, వెంటనే ఆగిపోయింది. "ఏమండీ, చెమటలు పడుతున్నాయేం? ఒంట్లో బాలేదా?"

"మెట్లెక్కాను కదా."

"మన ఇంటికి మెట్లెక్కడివండీ?"

ఆయన కెమెరా సంచిలో వేసుకున్నాడు. దేవుడి పటం ముందు ఆగి చేతులు జోడించాడు. ఏం అడగాలో తెలియలేదు. "వాడికేం కాకూడదు" అన్న మాట ఒక్కటే నోట్లో తిరిగింది. తనకేం కాకూడదని కూడా అనుకున్నాడు. వెంటనే సిగ్గుపడ్డాడు. అయినా వెనక్కి తీసుకోలేదు.

*

పాత కెమెరాల షాపు ఇరుకుగా, పొడవుగా ఉంది. తాత గల్లాపెట్టె వెనక స్టూలు మీద కూర్చుని టీ గ్లాసులో బిస్కెట్ ముంచుతున్నాడు.

"వెడల్పు లెన్స్ కావాలి తాతా."

"దేనికి?"

"కుటుంబం గుంపు ఫోటోకి. ఒకాయన ఎప్పుడూ పక్కకి తప్పుకుంటాడు. ఆయన కూడా పడాలి."

"ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడులే అలాంటివాడు." తాత సొరుగు లాగి మెత్తటి గుడ్డ మీద నాలుగు లెన్సులు పేర్చాడు.

మొదటిది ఇరవై ఒకటి. ముందు గాజు కప్ప కన్నులా ఉబ్బి ఉంది. "గది మొత్తం మింగేస్తుంది. కానీ కెమెరా నెత్తిన విడిగా ఇంకో కిటికీ తగిలించాలి." నెత్తిన కిటికీ చూస్తే మేష్టారు గుమ్మంలోనే వెనక్కి తిరుగుతాడు. బావగారు దాన్ని పక్కకి జరిపాడు.

రెండోది ఇరవై ఎనిమిది. కోటు బొత్తాంలా చదునుగా ఉంది. బావగారు టార్చి వేసి లోపల చూశాడు. గాజు ఏటి నీళ్లలా తేటగా ఉంది. వెలుతురుని అదుపు చేసే ఎపర్చర్ రేకులు చమురు లేకుండా పొడిగా, చక్కగా మూసుకుంటున్నాయి.

"ఇదే తీసుకో నాయనా. మీ తప్పుకునే ఆయన పక్కింట్లో ఉన్నా పడతాడు."

అది కొంటే మేష్టారు తప్పకుండా పడతాడు. నిజమే. కానీ ఆ బొత్తాం ఆకారాన్ని యాభై అని ఎవరు నమ్ముతారు?

మూడోది ముప్ఫై అయిదు. టార్చి వెలుగులో గాజు లోపల సాలెగూడులా బూజు. నాలుగోది కూడా ముప్ఫై అయిదే. అల్యూమినియం ఒళ్లు. ఫోకస్ రింగు కాస్త బిగువు, గాజు శుభ్రం. పొడవుగా, గొట్టంలా, అచ్చం యాభై వాటంలో ఉంది.

"దీని మూలలు చీకటిగా వస్తాయి," అన్నాడు తాత. "ఎపర్చర్ ఎనిమిది మీద పెడితే మూలలు నిద్రలేస్తాయి. ఎండ ఉండాలి మరి."

మూలల్లోనే కదా మనిషి కూర్చునేది! బావగారు విరిగిన సామాన్ల డబ్బా వైపు చెయ్యి చాచాడు. అదే కంపెనీ యాభై ఒకటి, గాజు పగిలి, అడుగున పడి ఉంది. దాని ముఖం చుట్టూ నంబరు చెక్కిన సన్న రింగు. బొటనవేలితో కొలిచాడు. ముప్ఫై అయిదు రింగూ అంతే ఉంది. మరలూ అవే. విప్పి మార్చేస్తే ముప్ఫై అయిదు పైకి యాభై అయిపోతుంది.

అప్పుడే అద్దంలోంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. తలెత్తాడు. వీధిలో గోధుమరంగు కోటు మనిషి, గాజుకి ముక్కు ఆనించి లోపలికి చూస్తున్నాడు. బావగారి చేతిలో టార్చి గల్లాపెట్టె మీద పడి దొర్లింది. కోటు మనిషి నెమ్మదిగా కదిలి వెళ్లిపోయాడు.

తప్పకుండా పడే ఇరవై ఎనిమిదా, యాభై ముసుగులో దాక్కునే ముప్ఫై అయిదా? ఎంచుకోవడానికి ఆయనకి ఎక్కువ సమయం లేదు. తప్పు ఎంచితే దాని బిల్లు కట్టేది బామ్మర్ది.

"ఈ ముప్ఫై అయిదు. ఆ పగిలింది కూడా ఇవ్వు, విడి భాగాలకి."

"భయపడి కొన్నట్టు కొంటున్నావేంటి నాయనా? లెన్సేగా, కరవదు." తాత లెన్స్ మీద నల్లటి మూత టక్కున బిగించాడు. "మూత కూడా పట్టుకెళ్లు. మూత లేని లెన్సూ తలుపు లేని ఇల్లూ ఒకటే."

సందు చివర లాండ్రీ వ్యాన్ ఆగి ఉంది. లోపల దుప్పట్ల మూటల మధ్య డాక్టరు రింగులు మార్చి, ఫిల్ము వేశాడు. "పొట్టి రోలు, పన్నెండు ఫోటోలే. వ్యాన్‌లో త్వరగా కడగాలి కదా. ఫోకస్ గురించి బెంగపడకండి. ఎనిమిది మీద దగ్గరా దూరం రెండూ స్పష్టంగా వస్తాయి. మేష్టారు ఎటు కూర్చున్నా యాభై గీతకి అవతల ఒక కుర్చీ వెడల్పు మనదే. అంతకు మించి జరిగితే మాత్రం దేవుడే దిక్కు."

*

హోటల్ గుమ్మం దగ్గర గోధుమరంగు కోటు నిలబడి ఉంది.

"షాపులో చాలాసేపు పట్టిందే?"

"బేరం సార్," అన్నాడు బావగారు.

కోటు మనిషి సంచి తడిమి వదిలాడు. డాబా మీద ఎండ కళ్లు చిట్లించేలా ఉంది. తెల్ల గొడుగుల కింద బల్లలు. రెయిలింగ్ దగ్గర నెమలి, నీలం పట్టు గౌను, కళ్లకి పెద్ద నల్లద్దాలు. వెనక బల్ల దగ్గర సన్నటి మనిషి, ముతక కోటు, మెత్తటి చిరునవ్వు. బళ్లో లెక్కలు దిద్దే మేష్టారులాగే ఉన్నాడు.

నెమలి గుర్తుమాట అంది. "ఈ ఎండలో నా ముఖం ఎలా పడుతుందో ఏమో."

"ఎండ మన చేతిలో లేదు మేడమ్. నీడైనా చూసుకుందాం." జవాబు సరిగ్గానే వచ్చింది. కానీ బుధవారం నాటి గుర్తుమాటకి ఏం విలువుందో ఆయనకి తెలీదు.

"ఇలా ఇవ్వండి," అన్నాడు మేష్టారు చెయ్యి చాచి.

బావగారు మూత తీసి బల్ల మీద పెట్టి, కెమెరా అందించాడు. మేష్టారు లెన్స్‌ని ముఖం దగ్గరకి తెచ్చుకుని రింగు మీద నంబరు చదివాడు. తర్వాత అరచేతిలో ఎగరేసినట్టు బరువు చూశాడు.

"యాభైకి ఇది తేలిగ్గా ఉందే."

బావగారి పై ప్రాణాలు పైనే పోయాయి. "అల్యూమినియం సార్. ఇత్తడిది కొనే తాహతు లేదు."

మేష్టారు చాలాసేపు ఆయన కళ్లలోకి చూశాడు. తర్వాత కెమెరాని కంటికి ఆనించి కిటికీలోంచి చూశాడు. గీతలు ఎక్కడ ఆగుతున్నాయో చూసుకుని, తన కుర్చీని ఎడమకి లాక్కున్నాడు. గీతకి సరిగ్గా అవతల. కుర్చీ వెడల్పంత.

అదే సమయానికి ఒక వెయిటర్ టీ ట్రేతో వచ్చాడు. బామ్మర్ది. చూసి మూడేళ్లయింది. సన్నబడ్డాడు, మీసం తీసేశాడు. బావని చూసి కనురెప్ప కూడా ఆడించలేదు. కానీ మేష్టారి చేతిలో కెమెరా చూశాడు. దాని మూల మీద చిన్నప్పుడు తను రాతి మీద పడేసినప్పటి సొట్ట చూశాడు. ట్రే వంగింది. టీ ఒలికి కెమెరా మీద చిందింది.

మేష్టారు వెయిటర్ని చూశాడు, నెమ్మదిగా, మార్కులు వేస్తున్నట్టు.

"నీ చెయ్యి ఎందుకు వణికింది బాబూ?"

బామ్మర్ది ట్రే సర్దుకోబోయాడు. బావగారు ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా అరిచాడు. "ఏయ్! కళ్లు నెత్తికెక్కాయా? లెన్స్ మీద పడితే నీ తాత ఇస్తాడా డబ్బులు? పొద్దున్నే వెతికి కొన్నానయ్యా! పో అవతలికి!"

"సారీ సార్. పొరపాటైంది సార్. వేడి సార్..."

"పో అంటుంటే!"

బామ్మర్ది వెనక్కి తగ్గాడు. మేష్టారు ఇంకా అతన్నే చూస్తున్నాడు. కానీ ఆయన చేతులు వేరే పనిలో పడ్డాయి. జేబులోంచి మెత్తటి రుమాలు తీసి, చిందిన టీని ఒత్తి, పసిపిల్ల ముఖం తుడిచినట్టు లెన్స్ తుడిచాడు. తర్వాత కెమెరా బావగారికి అందించాడు.

"గాజుని జాగ్రత్తగా చూసుకోవాలి," అన్నాడు ప్రేమగా. "మనుషులైతే మళ్లీ పుడతారు."

బావగారు కెమెరాని కంటికి ఆనించాడు. కిటికీలో నెమలి మెరిసిపోతోంది. గీతకి అవతల, కిటికీ అంచున మేష్టారు, నొక్కు ఉన్న ఎడమ చెవి ఇటే. క్లిక్. "మేడమ్, కాస్త సముద్రం వైపు." క్లిక్. "గడ్డం పైకి." క్లిక్. ప్రతి క్లిక్‌కీ మనసులో ఒక దండం. అరచేతుల చెమటకి కెమెరా జారుతోంది. బామ్మర్ది అవతలి బల్ల దగ్గర కప్పులు సర్దుతున్నాడు. కోటు మనిషి అతని వెనకే వచ్చి నిలబడ్డాడు. పదకొండో ఫోటో తీశాక బావగారికి ఊపిరి కాస్త ఆడింది. పడ్డాడు. ఎక్కడో ఒకచోట పడే ఉంటాడు.

నెమలి నల్లద్దాలు తీసింది. చేతిసంచిలోంచి పౌడరు డబ్బా తీసి మూత తెరిచింది. "ఒక్క నిమిషం. ముఖం జిడ్డోడుతోంది."

పౌడరు అద్దుకుంటూ డబ్బా అద్దాన్ని కొద్దిగా తిప్పింది. ఎండ తళుక్కున బావగారి కంట్లో పడింది. తను మోసపోయాడు, ఎవరికో సైగ చేస్తోంది, బుధవారం! కానీ అద్దం మళ్లీ తిరిగి కదలకుండా నిలిచింది. అందులో ఆయనకి ఆయనే కనిపించాడు. పాలిపోయిన ముఖం, చేతుల్లో కెమెరా. కెమెరా ముందు గుండ్రటి నల్లటి మూత.

ఇందాక మేష్టారు లెన్స్ తుడిచి, అలవాటుగా, మర్యాదగా, మూత బిగించి ఇచ్చాడు. బావగారు చూడలేదు. ఏడేళ్లుగా ఆ కెమెరాకి మూతే లేదు. మూత ఉందేమో చూసుకునే అలవాటు ఏట్లోనే పోయింది. లెన్స్‌కి కళ్లు మూసినా కిటికీ కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి.

పదకొండు ఫోటోలూ చీకటి. రోలులో మిగిలింది ఒక్కటి.

"ఇక చాలు," అన్నాడు మేష్టారు. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేస్తున్నాడు.

"ఇంకొక్కటి, మేష్టారూ," అంది నెమలి గోముగా. "ఇందాకటివన్నీ నాకు నమ్మకం లేదు."

బావగారు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. అదే రుమాలుతో లెన్స్ కూడా తుడుస్తున్నట్టు పట్టుకున్నాడు. వేళ్లు మూత అంచు మీద రెండుసార్లు జారాయి. మూడోసారి వదిలింది. మూతా రుమాలూ కలిసి జేబులోకి పోయాయి. దేవుడా అనుకోవడానికి కూడా సమయం లేదు. సగం లేచిన మేష్టారు కోటు మనిషి వైపు తిరుగుతున్నాడు. కిటికీలో నెమలి. క్లిక్.

ఫోటో పడిందో లేదో ఆయనకి తెలీదు. డాబా మెట్లు దిగుతుంటే వెనక నుంచి మేష్టారి గొంతు మెల్లగా వినిపించింది. కోటు మనిషితో అంటున్నాడు. "ముగ్గుర్నీ ఇక్కడే ఉంచు. నా మాట వచ్చేదాకా."

*

వ్యాన్ రేవు వైపు పరుగెడుతుంటే డాక్టరు నల్ల దుప్పటి కింద ఫిల్ము కడిగాడు. తడి ఫిల్ము వెలుతురుకి పట్టాడు.

"ఇదేంటి బావగారూ! వెలుతురే పడలేదు, పదకొండూ ఉత్త గాజులా ఉన్నాయి!"

"చివరిది చూడు."

"ఏం జరిగిందండీ, చెప్పండి ముందు!"

"చివరిది చూడవయ్యా బాబూ!"

డాక్టరు భూతద్దం పెట్టాడు. వ్యాన్ గతుక్కి ఇద్దరూ దుప్పట్ల మీద పడ్డారు. మళ్లీ పెట్టాడు. మధ్యలో నెమలి. ఎడమ అంచున, మసక మూలకి వెంట్రుకవాసి ఇవతల, సగం లేచిన మనిషి. ముఖం. నొక్కు చెవి.

"ఉన్నాడు," అన్నాడు డాక్టరు గుసగుసగా, ఎవరో వింటారేమోనన్నట్టు. వెంటనే స్టాంపంత ప్రింటు తీశాడు.

రేవు అధికారి ఆ తడి ప్రింటునీ పాత ప్లాట్‌ఫారం ఫోటోనీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "ఇతన్ని చూపించండి, ఆపుతాను. కానీ ఎవర్ని ఆపమంటారు? చూడండి అటు."

ఓడ మెట్ల మీద చివరి వరస ప్రయాణికులు. సముద్రం మీంచి చలిగాలి ఈడ్చి కొడుతోంది. ఆడా మగా అందరూ చెవుల చుట్టూ మఫ్లర్లు, శాలువలు చుట్టేశారు. ఒక్క చెవీ కనిపించడం లేదు. గడ్డాలవాళ్లున్నారు, ముసలమ్మలున్నారు, కర్ర పట్టుకున్న గుడ్డి ముసలాయనున్నాడు, పసిబిడ్డల తల్లులున్నారు. ఎవరి ముఖమూ ఫోటోలో ముఖం కాదు. మెట్లెత్తే మనుషులు అప్పుడే గొలుసులు విప్పుతున్నారు.

"ఒక్కొక్కరి మఫ్లరూ విప్పించండి!"

"విప్పించేలోపు ఓడ పోతుంది. ఒక్కరిని చూపించండి."

బావగారు మెట్ల మీదకి పరిగెత్తాడు. వరస పక్క నుంచి దూరుకుంటూ పైకి పోయాడు. ఇన్ని ముఖాల్లో ఒకటి తనని గుర్తుపడుతుంది. ఆ మనిషి జేబులో తుపాకీ ఉంటుంది. ఆ ముఖం ఏది? చేతిలో కెమెరా తప్ప ఆయన దగ్గర ఏమీ లేదు.

గాజుని జాగ్రత్తగా చూసుకోవాలి. మనుషులైతే మళ్లీ పుడతారు.

బామ్మర్ది చిన్నప్పుడు కూడబెట్టుకుని కొనుక్కున్న కెమెరా అది. బావగారు ఒక్కసారి కళ్లు మూసుకున్నాడు. తర్వాత వరస మధ్యలో, లెన్స్ కిందికి ఉండేలా, వదిలేశాడు.

అందరూ అయ్యో అన్నారు. అందరూ ఆగారు. ఒక్క మనిషి మాత్రం కర్ర వదిలేసి, వంగి, రెండు చేతులూ దోసిలిగా చాచి, ఇనప మెట్టుకి జానెడు పైన కెమెరాని పట్టుకున్నాడు. బొటనవేలు తనంతట తనే గాజు మీదకి పోయింది, గీత పడిందేమోనని.

గుడ్డి ముసలాయన.

మెట్లెక్కి వచ్చిన రేవు అధికారి ఆయన మఫ్లర్ లాగాడు. నొక్కు బయటపడింది. ఇద్దరు పోలీసులు చెరో చెయ్యీ పట్టుకుని కిందికి దింపారు. వెనక గొలుసు గలగలమని మెట్లు పైకి లేచాయి. ఓడ ఆయన లేకుండానే కదిలింది. వైర్‌లెస్‌లో ఏ మాటా వెళ్లలేదు.

మేష్టారు కెమెరా తిరిగి ఇస్తూ, లెన్స్‌ని మరోసారి చేత్తో తూచాడు.

"ముప్ఫై అయిదు," అన్నాడు నిట్టూర్చి. "తేలిగ్గా ఉందనుకుంటూనే ఉన్నాను."

బావగారు కెమెరా అందుకున్నాడు. మెట్ల పక్క రాతి దిమ్మె మీద కూర్చుని, అప్పుడు తీరిగ్గా వణికాడు.

*

మేష్టారు పట్టుబడ్డాడని తెలియగానే హోటల్లో ఆయన మనుషులు దొరికిన దారిన పారిపోయారు. ముగ్గురు వెయిటర్లూ ముందు గుమ్మంలోంచే నడిచి బయటికొచ్చారు. నెమలి నుంచి శాఖకి ఒక చీటీ వచ్చింది. "ఇకపై బుధవారాలు కూడా రాసుకోండి."

ఆదివారం బామ్మర్ది అక్క ఇంటికి వచ్చాడు. ఓడల కంపెనీ సెలవిచ్చిందన్నాడు. అక్క వాణ్ణి పట్టుకుని, ఇంత సన్నబడ్డావేంట్రా, తిండి పెట్టలేదా ఆ ఓడ మీద అని కళ్లు తుడుచుకుంది. బావగారు బీరువాలోంచి కెమెరా తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. తర్వాత జేబులోంచి నల్లటి మూత తీసి దాని పక్కన పెట్టాడు.

బామ్మర్ది మూత అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏడేళ్లు పట్టింది బావా."

"దొరకడం కష్టమైందిరా."

"ఎంత కష్టం?"

"తర్వాత చెప్తా." బావగారు భార్య వైపు ఓ చూపు చూశాడు. "ఇక ఉత్తరాల్లో మూత మాటెత్తకు."

"ఎత్తను. అప్పు తీరిపోయింది." బామ్మర్ది మూతని లెన్స్ మీద టక్కున పెట్టి చూసుకున్నాడు, మురిసిపోయాడు, వెనక్కి నాలుగడుగులు వేశాడు. "అక్కా, బావ పక్కన నిలబడు. బావా, నవ్వండి. ఆ ముఖమేంటి, భయపడ్డట్టు? ఇంట్లోనే ఉన్నారు కదా."

కెమెరా కంటికి ఆనించి ఒకటి, రెండు, మూడు అన్నాడు. క్లిక్.

బావగారు నవ్వు చెదరకుండా అన్నాడు. "ఒరే, మూత."